తెలిసినవాళ్లు ఎవరున్నారు?

రైలు మంచిర్యాల దాటి మందమర్రిని వెనక వేసుకున్నదంటే, బెల్లంపల్లిలో దిగేవాళ్లు సంచులు సర్దుకోవాలి. మొన్న దసరాకు నేనూ అలాగే సంచులు సర్దుకుని దిగాను. అక్కడ మా చెల్లెలున్నది. ఆమె భర్త బొగ్గుబాయిలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. వారికి ఒక్కతే కూతురు. ఆ పిల్ల హైదరాబాదులో వుండి పత్రికారచన, ప్రసారాల విద్యలో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని ఇల్లు చేరింది.

బతుకమ్మ కోసం తెచ్చిన తంగేడు, గునుగు పూలు వసారా నిండా పరిచి వున్నాయి. తల్లీకూతుళ్లు పూలు ఏరుతున్నారు. మా బావ టీగ్లాసు కింద పెట్టి అసలు సంగతికి వచ్చాడు.

"బావా, పిల్ల పెద్ద చదువే చదివింది. నౌకరీ మాటేంది? హైదరాబాదుల మనకు తెల్సినోళ్లు ఎవరన్న వున్నరా?"

అప్పుడప్పుడు పత్రికల్లో నా పేరు కనిపిస్తుంది. అందుచేత రాజధానిలో సగంమంది నాకు తెలుసునని మా బావ నమ్మకం. నేను నసుగుతూంటే ఆయనే మళ్లీ అన్నాడు.

"వచ్చే దసరా దాంక చూస్త. అప్పటికి ఏం కాకుంటే బి.ఇడి. అన్న చెయ్యాలె, లేకుంటే సంబంధమన్న చూడాలె. ఇంక నా చేతుల లేదు."

మేనకోడలు తల ఎత్తలేదు. గునుగు కట్టను తంగేడు పక్కన పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. చెల్లెలు మాత్రం నా వంక చూసింది. ఆ చూపు అర్థం కాని అన్నగారు వుండడు కదా!

ఈ ప్రశ్న ఒక్క మా బావది కాదు. రాజధానికి రెండువందల యాభై కిలోమీటర్ల పైగా దూరాన వున్న యే ఊళ్లోనైనా, డిగ్రీ చేతబట్టుకుని యీ విద్యలోకి దిగిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. అందుకనే ఆ రోజు మా బావకు చెప్పినవీ, తర్వాత కనుక్కుని చెప్పినవీ ఇక్కడ పాఠకులతో పంచుకుంటున్నాను.

నేర్పే చోట్లు

పత్రికారచన ఒకప్పుడు బడిలో నేర్చే విద్య కాదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, సంపాదకుడి చేత చీవాట్లు తింటూ నేర్చుకునేవారు. మన దేశంలో దీన్ని తరగతి గదిలో నేర్పాలన్న ఆలోచన 1920లో మద్రాసు అడయారులో అనీబిసెంట్ నడిపిన జాతీయ విశ్వవిద్యాలయంలో మొలకెత్తింది. 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయం యీ విద్యకు ప్రత్యేకంగా ఒక శాఖ నెలకొల్పింది. 1947లో మద్రాసు విశ్వవిద్యాలయం అందుకున్నది. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1954లో శాఖను తెరిచింది. ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థ, అందరూ ఐ.ఐ.ఎం.సి. అని పిలిచేది, 1965 ఆగస్టు 17న ప్రారంభమైంది.

ఇవాళ హైదరాబాదులోనే యీ విద్య నేర్పే విశ్వవిద్యాలయాలు ఎన్నో వున్నాయి. ఉస్మానియా సరేసరి. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేర ఒక కళాశాలే వున్నది. అక్కడి విద్యార్థులకు "బోల్ హైదరాబాద్" అనే సొంత రేడియో కూడా వున్నది. ఆంగ్లమూ విదేశీభాషలూ నేర్పే ఇఫ్లూలోనూ, ఉర్దూ మాధ్యమంలో మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయంలోనూ పై చదువులున్నాయి. ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలో తెలుగులోనే చదువుకోవచ్చు. ఇల్లు కదలలేనివారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్య నడుపుతున్నది.

చేరడానికి దారులు వేరు వేరు. ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్ అనే ఉమ్మడి పరీక్ష రాయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ, ఐ.ఐ.ఎం.సి.కీ సి.యు.ఇ.టి. పరీక్ష వుంటుంది. డిగ్రీ ఆఖరి ఏడాదిలో వున్న పిల్లల తల్లిదండ్రులు యీ రెండు పేర్లూ వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోవడం మంచిది. ప్రకటన తేదీ చూసుకోక ఏడాది పోగొట్టుకున్న పిల్లలను చాలామందిని చూశాను.

పట్టా చేతికి వచ్చాక రెండు దారులున్నాయి. ఒకటి పత్రికా కార్యాలయం దారి, రెండోది పరిశోధన దారి.

మొదటిదానికి పెద్ద తెలుగు దినపత్రికలు సొంతంగా నడిపే శిక్షణాలయాలే ముఖద్వారం. 1974లో విశాఖపట్నంలో మొదలైన "ఈనాడు" 1989లో జిల్లాల వారీగా చిన్న పత్రికలు వేయడం ఆరంభించాక, తెలుగు పత్రికలకు ఊరూరా మనుషులు కావలసి వచ్చారు. అంతమందిని తయారుచేసుకోవడానికి పత్రికలే బడులు పెట్టుకున్నాయి. ఇవి పత్రికలోనే ప్రకటన వేస్తాయి, రాతపరీక్ష పెడతాయి, ముఖాముఖి మాట్లాడతాయి, చేరినవారికి భృతి ఇచ్చి నేర్పుతాయి. అనువాదం, తెలుగు నుడికారం, లోకజ్ఞానం, యీ మూడూ గట్టిగా వున్నవారికి సిఫారసుతో పని వుండదు. కొన్నిచోట్ల శిక్షణ అయ్యాక ఇంతకాలం పనిచేస్తామని ఒప్పందం రాయించుకుంటారు. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి చదవాలి.

రెండో దారిలో నెట్ పరీక్ష గడప వంటిది. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు పేర్లతో జరుగుతుంది. అందులో "మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం" ఒక సబ్జెక్టు. పై వరుసలో నెగ్గినవారికి జె.ఆర్.ఎఫ్. అనే పరిశోధక వేతనం దొరుకుతుంది. 2023 జనవరి నుంచి అది మొదటి రెండేళ్లూ నెలకు 37,000 రూపాయలు. దానికి వయసు 30 దాటకూడదు. ఆడపిల్లలకు అయిదేళ్ల సడలింపు వున్నది. ఈ అంకె చెప్పినప్పుడు మా బావ మొదటిసారి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"చదువుకుంట వుంటే సర్కారు పైసలిస్తదా?"

"ఇస్తుంది. అయితే పరీక్ష కష్టం. ఒక్కసారికే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు."

"బాయిల దిగేటోనికి ఎవడిచ్చిండు హామీ?" అన్నాడాయన.

ఒక సదస్సు కథ

ఇంతకూ మా మేనకోడలు ప్రయత్నం చేయలేదా అంటే, చేసింది. ఎం.ఏ. చదువుతూండగానే ఒక జాతీయ సదస్సుకు వెళ్లింది. ఎక్కడ, ఎవరు జరిపారన్నది ఇక్కడ అవసరం లేదు. తండ్రి ఇచ్చిన డబ్బుతో రుసుము కట్టింది. ఒక సంచీ, ఒక పెన్ను, మధ్యాహ్నం భోజనం చీటీ ఇచ్చారు. వేదిక మీద పెద్దలు మాట్లాడారు. ఈమె పత్రం చదవవలసిన గదిలో పద్నాలుగుమందికి గంట వ్యవధి. ఈమెకు వచ్చింది మూడు నిమిషాలు. "టైమైందమ్మా" అన్నారు. సాయంత్రం సర్టిఫికెట్లు పంచారు. ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా రాత్రి రైలెక్కి వచ్చేసింది. ఆ సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో భద్రంగా వున్నది.

"పరిచయాలు పెరుగుతయని పోయిన మామా. వచ్చిందల్లా సంచీ ఒకటి" అన్నది.

నవ్వు వచ్చినా నవ్వలేదు. తప్పు పూర్తిగా ఆమెది కాదు. సదస్సుకు ఎందుకు వెళ్లాలో, అక్కడ ఏం చేయాలో చెప్పేవారు ఆమెకు లేరు. పెద్ద ఊళ్లలో, చదువుకున్న కుటుంబాల్లో పిల్లలకు యీ మర్యాదలు అన్నం తింటూనే తెలిసిపోతాయి. బొగ్గుబాయి ఊరి పిల్లకు ఎవరు చెబుతారు?

కాబట్టి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. మంచి సదస్సు జరిపేవారు నెలల ముందుగా పిలుపు ప్రకటిస్తారు. చెప్పదలచుకున్న విషయాన్ని రెండు మూడు వందల మాటల్లో రాసి పంపమంటారు. దాన్ని తెలిసినవారు చదివి, పనికివస్తుందో లేదో చెబుతారు. ఆ తర్వాతే రుసుము సంగతి. విద్యార్థులకు రుసుము తగ్గించడం, కొన్నిచోట్ల దారిఖర్చు ఇవ్వడం కూడా వున్నది. కాని అది అడిగినవారికే దక్కుతుంది. పంపిన మర్నాడే "అంగీకరించాము, డబ్బు కట్టండి" అని జవాబు వచ్చిందంటే అది విద్య కాదు, వ్యాపారం. అచ్చు వేస్తామని డబ్బు అడిగే పరిశోధన పత్రికల విషయమూ ఇంతే. మంచి పత్రికలు ఏవో తెలియడానికి యూజీసీ 2019లో ఒక జాబితా పెట్టింది. 2025లో ఆ జాబితాను విడిచిపెట్టి, గుర్తుపట్టే లక్షణాలు చెప్పి ఊరుకున్నది. ఇక మంచిచెడ్డలు చూసుకునే భారం విద్యార్థి మీదా, గురువు మీదా పడింది.

ప్రపంచమంతటి యీ విద్యవారినీ కలిపే సంఘం ఒకటున్నది. ఐ.ఎ.ఎం.సి.ఆర్. అంటారు. యునెస్కో ప్రోత్సాహంతో 1957లో ఏర్పడింది. దేశదేశాల పరిశోధకులు ఏడాదికోసారి ఒక నగరంలో చేరుతారు. 1986లో ఢిల్లీలో చేరారు. 2014 జూలైలో మన హైదరాబాదులోనే చేరారు. ఆ ఏడు "ప్రాంతం" అన్నదే చర్చావిషయంలో ప్రధానమైన మాట. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి నెలన్నర! ఈ సంఘంలో కొత్తగా పరిశోధనకు దిగినవారి కోసం వేరే ఒక విభాగమే వున్నది. పెద్ద పేర్లవారి ముందు నోరు పెగలని పిల్లలు తమ తోటివారి ముందు మాట్లాడి ధైర్యం తెచ్చుకోవడానికి అది మంచి చోటు.

సదస్సులో చేయవలసిన పని కూడా పెద్దదేమీ కాదు. వెళ్లేముందు ఎవరెవరు వస్తున్నారో చూసుకోవాలి. వారిలో ఒక్కరి వ్యాసమైనా చదివి వుండాలి. ఆ ఒక్కరినీ ఒక్క ప్రశ్న అడగాలి. తిరిగి వచ్చాక వారం లోపల, "మీరు చెప్పిన ఫలానా మాట నా పనికి ఇలా వుపయోగపడింది" అని నాలుగు వాక్యాల జాబు రాయాలి. వందమందికి చేయి కలిపి రావడం కంటె ఒక్కరికి అలాంటి జాబు రాయడం మేలు.

మన చేతిలో వున్న గని

"జాబు రాస్త మామా. కాని ఏం పని చేస్తున్ననని రాయాలె?" అని అడిగింది పిల్ల. మంచి ప్రశ్న. పని లేనిదే పరిచయం నిలవదు.

అప్పుడు నేను ఇంటి ముందు వీధి చూపించాను.

ఈ నేల కింద బొగ్గున్నదని తెలిశాక ఒక ఊరు ఇక్కడ లేచి నిలబడింది. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు దగ్గర మొదలైంది. 1920ల చివరికి బెల్లంపల్లి ప్రాంతానికి వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపారు. సైరను మోతతో ఊరు లేచేది, సైరను మోతతో అన్నం తినేది. తర్వాత పాత భూగర్భ గనులు ఒక్కటొక్కటిగా చాలా మూతపడ్డాయి. బెల్లంపల్లి ఏరియా అన్న పేరు మిగిలింది గాని, ఆ ఏరియా పెద్ద కార్యాలయం ఇవాళ గోలేటిలో వున్నది. 2016లో జిల్లా కూడా మారి, ఆదిలాబాదు జిల్లా ఊరు మంచిర్యాల జిల్లా ఊరైంది.

ఆ సైరను మోత విన్నవారు, బాయి దిగినవారు, 1960లలో, 70లలో యూనియను కరపత్రాలు పంచినవారు ఇంకా వున్నారు. సమాచారం అప్పట్లో కార్మికవాడలో ఎలా తిరిగేది? ప్రమాదం జరిగితే ఇంటికి కబురు ఎవరు తెచ్చేవారు? పత్రికలో వార్త వచ్చేలోగా జనం ఏమనుకునేవారు? పాటల ద్వారా ఏ సంగతులు తెలిసేవి? ఇవన్నీ పత్రికావిద్యలో పరిశోధనకు తగిన ప్రశ్నలే. ఢిల్లీలో కూర్చున్న విద్యార్థికి యీ మనుషుల గడప తొక్కడానికే ఆరునెలలు పడుతుంది. ఈ పిల్లకు పక్కిల్లు.

దూరపువారు మన జిల్లా వార్తల్లో విలువ చూడలేదా? ఆస్ట్రేలియాలో పనిచేసిన రాబిన్ జెఫ్రీ అనే పండితుడు భారతీయ భాషాపత్రికల మీద 2000లో ఒక పెద్ద పుస్తకం ప్రకటించాడు. అందులో తెలుగు జిల్లా పత్రికలు, వాటికి ఊళ్లనుంచి వార్తలు పంపే విలేఖరులు ముఖ్యమైన భాగం. మనం బజ్జీలు చుట్టుకునే కాగితం ఆయనకు శాస్త్రవిషయమైంది!

ఇంకొక వుదాహరణ. జహీరాబాదు దగ్గర మాచనూరు అనే పల్లె. అక్కడ 2008 అక్టోబరు 15న "సంగం రేడియో" మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడన దళిత స్త్రీలు నడిపే రేడియో అది. విత్తనాలు, పంటలు, వంటలు, పాటలు, అన్నీ తమ పలుకుబడిలోనే వినిపిస్తారు. విశ్వవిద్యాలయాలకే గాక స్వచ్ఛంద సంస్థలకు కూడా రేడియో పెట్టుకునే అనుమతి 2006లో వచ్చింది. దాని వెనక ఎన్నో ఏళ్ల వాదన వున్నది. ఇలాంటి సముదాయ రేడియోల మీద పనిచేసే యునెస్కో పీఠం 2011 నుంచి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే వున్నది. పరిశోధకులు పల్లెకు వెళ్లి ఆ స్త్రీల దగ్గర నేర్చుకున్నారు.

ఆదిలాబాదు అడవుల్లో మరో సంపద వున్నది. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల గోండీ భాషకు ఒక సొంత లిపి లోకానికి తెలియవచ్చింది. 2018లో ఆ లిపి కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లో చేరింది. ఆ భాషలో వార్త ఎలా చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్న పనికి యీ జిల్లా పిల్లలు కాక మరెవరు తగినవారు?

ఊళ్ల సంగతులు వివరంగా రాయడం నేర్చుకోవాలంటే, పి. సాయినాథ్ 2014 డిసెంబరులో ఆరంభించిన "పరీ" అనే గ్రామీణ భారత సంకలనం వున్నది. వరాహగిరి వెంకటగిరిగారి మనవడాయన. అక్కడ విద్యార్థులకు పని నేర్పి, రాసినవి దిద్ది వేస్తారు. తెలుగులోనూ చదవవచ్చు. గొంతు బాగున్నవారు దగ్గరి ఆకాశవాణి కేంద్రం ఎప్పుడైనా తాత్కాలిక అనౌన్సర్ల కోసం స్వరపరీక్ష ప్రకటిస్తుందేమో చూస్తూండవచ్చు. వార్తల్లో నిజమేదో అబద్ధమేదో తేల్చే విద్య యీమధ్య బాగా పెరిగింది. హైదరాబాదులోని "ఫ్యాక్ట్‌లీ" వంటి సంస్థలు తెలుగులోనూ యీ పని చేస్తున్నాయి. వారి పరిశీలనలు చదివితే పద్ధతి బోధపడుతుంది.

పరిచయానికి పాతదారి

మన ప్రాంతంలో పరిచయాలు పెంచుకోవడం కొత్తగా వచ్చిన విద్య కాదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926 మే 10న "గోలకొండ పత్రిక" మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ కరవైన రోజులవి. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నప్పుడు ఆయన కోపంతో సంపాదకీయం రాసి వూరుకోలేదు. ఊరూరి కవుల వివరాలనూ రచనలనూ కూడగట్టి, 354 మందితో 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. టెలిఫోను అరుదైన ఆ కాలంలో ఒక పత్రిక అంతమందిని ఒక అట్టల నడుమ కూర్చిందంటే ఆలోచించండి. వారిలో ఎందరో ఒకరినొకరు చూసి వుండరు. ఒక పని వారిని దగ్గర చేసింది.

మా మేనకోడలికి నేను చెప్పింది కూడా అదే. "నాకు వుద్యోగం ఇప్పించండి" అని జాబు రాస్తే, అటువైపు మనిషి ఎంత మంచివాడైనా ఏం చేయగలడు? "నేను ఇలాంటి పని చేస్తున్నాను, ఇక్కడ చిక్కుపడ్డాను, ఏం చదవమంటారు?" అని రాస్తే పదిమందిలో ఇద్దరు జవాబిస్తారు. ఆ ఇద్దరే తెలిసినవాళ్లు. తోటివిద్యార్థులను కూడా మరవకూడదు. పక్క బెంచీ పిల్ల పదేళ్లకు ఒక పత్రికలో ఉపసంపాదకురాలై వుంటుంది.

పెద్దలకు ఒక మాట

తీపి మాటలే చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు. ఈ రంగంలో వుద్యోగాలు తక్కువ, చదివినవారు ఎక్కువ. ఊళ్లలో విలేఖరి అనిపించుకునే చాలామందికి జీతమంటూ వుండదు, రాసిన దానిని బట్టి కొద్దిపాటి సొమ్ము ముట్టుతుంది. ఉపసంపాదకులకు రాత్రి పని వుంటుంది. ఆడపిల్లను పంపేటప్పుడు వసతి ఎక్కడ, రాత్రి ఇంటికి చేర్చే బండి వున్నదా అని అడగడం చాదస్తం కాదు. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట స్త్రీల ఫిర్యాదులు వినే సంఘం వుండి తీరాలని 2013లో చట్టం వచ్చింది. ఆ సంఘం వున్నదా అని చేరేముందే అడగవచ్చు. సిగ్గుపడవలసింది అడిగినవారు కాదు.

అలాగే ఒక ఏడాది గడువు పెట్టడం కూడా తప్పు కాదు. గడువు లేని ప్రయత్నం నీరుగారిపోతుంది. కాని ఆ ఏడాదిలో పిల్ల ఏం చేస్తున్నదో ఇంట్లోవాళ్లకు తెలియాలి. మేము ఒక కాగితం మీద రాసుకున్నాం. డిసెంబరు నెట్‌కు దరఖాస్తు. పత్రికల శిక్షణ ప్రకటనలకు ఎదురుచూపు. వారానికి ఒక పాత గనికార్మికుడి మాటలు ఫోనులో భద్రం చేయడం, ఆ మనిషి అనుమతి తీసుకుని. నెలకు రెండు జాబులు. ఆ కాగితం దేవుడి పటం పక్కన అంటించి నేను రైలెక్కాను.

సంక్రాంతి వెళ్లాక మా చెల్లెలి దగ్గరనుంచి ఫోను వచ్చింది. నెట్ రాసిందట, ఫలితం తెలియలేదు. ఒక పత్రిక శిక్షణకు పెట్టిన రాతపరీక్షలో పేరు రాలేదట. కార్మికవాడలో కబుర్లు ఎలా తిరిగేవో రెండువందల యాభై మాటల్లో రాసి ఒక సదస్సుకు పంపితే, జవాబు వచ్చిందట. అంగీకరించలేదు, కాదనలేదు. "విషయం మంచిది. మీరు మాట్లాడింది ముగ్గురితోనే. మరికొందరిని, ముఖ్యంగా స్త్రీలను కలిసి, సరిచేసి పంపండి" అని ఆరు వరుసలు రాశారట. రుసుము మాట అందులో లేదు.

"మరి పిల్ల ఏమంటున్నది?" అన్నాను.

"పిల్ల మాట అటుంచన్నా. మీ బావ సంగతి విను. ఆ జాబు పిల్లతోని రెండుమార్లు చదివించుకున్నడు. పొద్దున్నే సైకిలు తీసుకుని పోయిండు. బాయిల తనతోని పనిచేసినోళ్ల ఇండ్లు తిరిగి, పదకొండు పేర్లు రాసుకొచ్చిండు. అండ్ల ఆడోళ్లే ఆరుగురు. బాయిల పాణం పోయినోళ్ల ఇంటోళ్లు కూడ వున్నరు. రేపు ఒకామెను ఇంటికే తోల్కొస్తడట. చాయ పెట్టాలె, చక్కెర వున్నదా అని నన్ను అడుగుతున్నడు."

హైదరాబాదులో తెలిసినవాళ్లు ఎవరున్నారని నన్నడిగిన మనిషికి బెల్లంపల్లిలో తెలియనివాళ్లు లేరన్న సంగతి మాకెవరికీ తట్టనేలేదు. దసరాకు ఇంకా తొమ్మిది నెలల గడువున్నది.